నల్ల తెర మీద ఆశీరర్థకం



పద్యాలు, వ్యాకరణం, బడి ముచ్చట్లు తప్ప మరొకటి కనిపించని ఈ గూటిలో నేడు క్యూబర్నెటీస్, కంటైనరు వంటి మాటలు చూసి దారి తప్పి వచ్చామేమోనని మీరు అనుమానపడవచ్చు. దారి తప్పలేదు. దివిసీమలోనూ, బందరు కాలువ వెంబడి ఊళ్లలోనూ మూడు దశాబ్దాల పైచిలుకు తెలుగు పండితుడిగా పనిచేసి, పదవీ విరమణానంతరం బెజవాడలో స్థిరపడినవాణ్ణి. అటువంటి నేను గత కొన్నేళ్లుగా నల్ల తెర ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న యంత్రాల గుంపుకు ఆదేశాలు పంపుతున్నాను. ఆ అనుభవం నుంచి నాకు కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తరువాత విన్నవిస్తాను. యంత్రాల గుంపును నోటికి వచ్చిన ఆజ్ఞలతో నడపరాదు, రాతతో నడపాలి. ఆ రాతలో 'ఎందుకు' అన్నది మన భాషలో ఉండాలి. ఆ రాతను చదివి అర్థం చేసుకోగలవారు కనీసం ఇద్దరుండాలి. ఈ మూడూ ఒప్పుకొనేవారు ఇక్కడితో ఆపేసినా నాకు అభ్యంతరం లేదు. ఒప్పుకోనివారే చివరిదాకా చదవాలని నా కోరిక.

ఇంకొక్క మాట. ఈ గూటిలో ఆంగ్లలిపి వాడననే నియమం పెట్టుకున్నాను కనుక ఆదేశాలను సైతం తెలుగు లిపిలోనే రాస్తున్నాను. తెర మీద మాత్రం వాటిని ఆంగ్లాక్షరాలతోనే కొట్టాలి.

పదకోశం వెనుక కథ

కృష్ణా డెల్టాలో కాలువల మీద ఆధారపడి బతికేవారి నోట వినిపించే మాటలను, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నోటు పుస్తకాలలో రాసుకుంటూ వచ్చాను. లాకు, తూము, లస్కరు, కరకట్ట, పంటబోదె, మురుగు కాలువ, వంతు, శివారు... వీటిలో నిఘంటువులకు ఎక్కినవి కొన్ని, ఎక్కనివి అనేకం. ఎక్కినవాటికి కూడా మా ఊళ్లలో ఉన్న అర్థం నిఘంటువులో దొరకదు. 'శివారు' అంటే ఊరి పొలిమేర అని పుస్తకం చెబుతుంది. కాలువ చిట్టచివర, నీరు అందీ అందని చేను అని మా రైతు చెబుతాడు.

ఇటువంటి మాటలు నాలుగు వేలకు పైగా పోగయ్యాయి. నా పూర్వ విద్యార్థి ఒకడు, సాఫ్టువేరు ఉద్యోగి, వాటిని వెతుక్కునే వీలుగా చిన్న ప్రోగ్రాము రాసి, తన అభ్యాసం కోసం అద్దెకు తీసుకున్న క్లస్టరు మీద పెట్టాడు. కొత్త మాటలు నేనే చేర్చుకునేందుకు ఒక పుట కూడా ఏర్పాటు చేశాడు. 2022లో విదేశానికి వెళుతూ ఒక చిన్న ఫైలూ, పది ఆదేశాలు రాసిన కాగితమూ నా చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, ఇకపై తాళాలు మీ దగ్గర కూడా ఉండాలండీ. నేను నిద్రపోయే వేళ ఇది ఆగిపోతే చూసుకునేవారు కావాలి కదా."

"నాకు సంధులూ సమాసాలూ తెలుసునయ్యా. ఇవి నా వల్ల అవుతాయా?"

"ఇందులోనూ ఒక క్రియ, ఒక కర్మ, అంతేనండీ. మీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది మాస్టారూ!"

పొగడ్తకు లొంగని పండితుడు లేడు. ఒప్పుకున్నాను.

పేరులో ఏముంది?

క్యూబర్నెటీస్ గ్రీకు మాట. ఓడలో చుక్కాని పట్టేవాడని అర్థం. మన 'కర్ణధారుడు' అచ్చంగా ఇదే. సంస్కృతంలో 'కర్ణ' శబ్దానికి చెవి అన్న అర్థంతో పాటు చుక్కాని అన్న అర్థమూ ఉంది. ఇంగ్లీషు 'గవర్నరు' కూడా లాటిను గుండా ఆ గ్రీకు మూలం నుంచే వచ్చింది. కాలువల మీద పడవలు నడిచిన రోజులు చూసిన మా పెద్దలైతే 'సరంగు' అనేవారు. గూగుల్ సంస్థ 2014లో ఈ సాధనాన్ని లోకానికి ప్రకటించింది. 2015 జూలైలో తొలి పూర్తి వెర్షను వెలువడింది. దీని ముద్ర ఏడు ఆకుల చుక్కాని చక్రం.

కుర్రవాళ్లు దీన్ని 'కె8ఎస్' అని రాస్తారు. మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ నడుమ ఎనిమిది అక్షరాలున్నాయని దాని భావం. ఆద్యంతాలు చెప్పి మధ్యవి గ్రహింపజేయడం పాణిని ప్రత్యాహారాల పద్ధతి కాదూ! 'అచ్' అంటే అచ్చులన్నీ వచ్చినట్టే ఇదీను. అది చూశాక నాకు కొంత ధైర్యం చిక్కింది.

కంటైనరు అంటే ఒక ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సమస్త సరంజామానూ కలిపి కట్టిన మూట. ఎక్కడ విప్పినా ఒకే తీరున నడుస్తుంది. 2013లో డాకర్ వచ్చాక ఇవి ప్రచారంలోకి వచ్చాయి. ఒకటో రెండో కంటైనర్లు కలిసి ఉండే గూడు పాడ్. పాడ్ అంటే కాయ. మా డెల్టాలో వరి కోతకు ముందు చల్లే మినుమును తలచుకోండి. గింజలు కంటైనర్లు, వాటిని పట్టి ఉంచే కాయ పాడ్. ఏ కాయ ఏ యంత్రం మీద కాయాలో, ఎన్ని కాయాలో చూసేది క్యూబర్నెటీస్. దానితో మనం మాట్లాడే ఆదేశపంక్తి సాధనం పేరును కొందరు క్యూబ్ కంట్రోల్ అనీ, కొందరు క్యూబ్ సీటీఎల్ అనీ, మరికొందరు క్యూబ్ కటల్ అనీ పలుకుతారు. ఉచ్చారణ విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేకపోవడం నాకు కొత్త కాదు.

బ్యారేజీ దగ్గర నేర్చుకున్న పాఠం

మొదట నాకు అంతుపట్టని సంగతి ఒకటుంది. పాడ్‌ను తీసేయమని ఆదేశమిస్తే పోతుంది, మరుక్షణం ఇంకొకటి పుట్టుకొస్తుంది. నేను వద్దన్నది ఎందుకు వస్తున్నది? సమాధానం నాకు ఏ పుస్తకంలోనూ తట్టలేదు. ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తుండగా తట్టింది.

1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండిపడిన తరువాత, 1957లో ప్రారంభమైన కట్టడమిది. డెబ్బై గేట్లున్నాయి. దీని కింద దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాలువలకు నీరెక్కాలంటే బ్యారేజీ వద్ద నీటిమట్టం పన్నెండు అడుగులు నిలవాలని లెక్క. అక్కడి సిబ్బందికి పై నుంచి 'ఇప్పుడు ఫలానా గేటు ఒక అడుగు ఎత్తు, ఇప్పుడు దించు' అని గంటగంటకూ ఎవరూ చెప్పనక్కరలేదు. ఉండవలసిన మట్టం వారికి తెలుసు. ఉన్న మట్టం గేజి మీద కనిపిస్తుంది. రెండింటికీ తేడా వచ్చినప్పుడల్లా గేట్లు ఎత్తుతారు, దించుతారు. ఎగువ నుంచి వరద రానీ, రాకపోనీ, వారి దృష్టి ఆ తేడా మీదే.

క్యూబర్నెటీస్ చేసే పని సరిగ్గా ఇదే. 'ఈ ప్రోగ్రాముకు రెండు పాడ్లు ఉండాలి' అని మనం ఒక ఫైలులో రాసి సమర్పిస్తాం. అది ఉండవలసిన స్థితి. ఉన్న స్థితిని అది ఎడతెగక గమనిస్తూ, తేడా వస్తే సరిచేస్తుంది. నేను ఒక పాడ్‌ను తీసేస్తే, రెండు ఉండాలన్న రాత అలాగే ఉంది కనుక రెండోదాన్ని పుట్టిస్తుంది. నిజంగా వద్దనుకుంటే రాతను మార్చాలి.

వ్యాకరణం చదివినవారికి ఒక్క ముక్కలో చెబుతాను. 'చేయుము', 'పొమ్ము' అనేవి విధ్యర్థకాలు. 'ఉండుగాక', 'వర్ధిల్లుగాక' అనేవి ఆశీరర్థకాలు. రన్, స్కేల్, డిలీట్ అన్న ఆదేశాలు మొదటి జాతివి. వాటికి ఆ క్షణంతోనే సంబంధం. అప్లై అనే ఆదేశంతో మనం సమర్పించే ఫైలు రెండవ జాతిది. 'రెండు పాడ్లు ఉండుగాక' అని అది ఆశీర్వదిస్తుంది, ఆ ఆశీస్సు ఫలించేదాకా చూసే యంత్రాంగం వెనుక ఉంటుంది. నా ఆశీస్సులు ఇంత ఖచ్చితంగా ఫలించడం బడిలో ఎన్నడూ చూడలేదు.

నేను చేసిన పొరపాటు

2023 ఆగస్టులో పదకోశం పుట బాగా మందగించింది. కాగితం తీసి చూసి, క్యూబ్‌కంట్రోల్ డిలీట్ పాడ్ అని కొట్టి, పక్కన ఆ పాడ్ పేరు చేర్చాను. పది క్షణాల్లో కొత్త పాడ్ వచ్చింది. పుట చకచకా తెరుచుకుంది. పునర్జన్మ సిద్ధాంతానికి ప్రత్యక్ష ప్రమాణం దొరికిందని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను.

మరునాడు తెలిసింది, పునర్జన్మ ఉంది కానీ పూర్వజన్మ స్మృతి లేదని. అంతకుముందు మూడు నెలలుగా నేను చేర్చిన మూడు వందల పైచిలుకు మాటలు లేవు. ప్రోగ్రాము కొత్త మాటలను కంటైనరు లోపలి స్థలంలోనే దాచుకుంటూ వచ్చింది. పాడ్ పోగానే ఆ స్థలమూ పోయింది. కొత్త పాడ్ మూలప్రతి నుంచి పుట్టింది కనుక మూలప్రతిలో ఉన్నవే దానికి తెలుసు. పాడ్‌తో పాటు నశించని నిల్వస్థలాన్ని విడిగా కోరాలి. దాన్ని పర్సిస్టెంట్ వాల్యూమ్ క్లెయిమ్ అంటారు. ఆ కోరిక మా ఫైలులో లేదు. అభ్యాసానికి పెట్టినది కదా అని మా వాడు రాయలేదు. డిస్క్రైబ్ అనే ఆదేశం కొడితే ఆ లోపం నా కళ్లకు కనబడేదే. నేను కొట్టలేదు.

నోటు పుస్తకాలు ముందేసుకుని రెండు నెలల పాటు తిరిగి టైపు చేశాను. అన్నీ దొరకలేదు. ఆ మధ్య అవనిగడ్డ వైపు వెళ్లినప్పుడు, తొంభై ఏళ్ల విశ్రాంత లస్కరు ఒకాయన కాలువ గట్టున కూర్చుని, పూర్వం రాత్రివేళ నీటి వంతులు మార్చేటప్పుడు తాము వాడుకున్న మాటలు పదకొండు చెప్పాడు. పుస్తకం వెంట లేక వాటిని ఫోనులోనే నేరుగా పుటలోకి ఎక్కించాను. ఏడు జ్ఞాపకం వచ్చాయి. మిగిలిన నాలుగు అడుగుదామని వెళితే ఆయన గతించి నెల దాటిందన్నారు. ఇంట్లో వాళ్లనూ, ఊళ్లో మిగిలిన వృద్ధులనూ అడిగాను. ఎవరికీ తెలియవు.

ఆ నాలుగు మాటలు పోవడానికి కారణం క్యూబర్నెటీస్ కాదు. రాసినదాన్ని అది తు.చ. తప్పకుండా చేసింది. రాయనిది అడగకపోవడం మాది తప్పు. అప్పటి నుంచి నిల్వస్థలం కోరిక ఫైలులో చేరింది. ప్రతి రాత్రీ రెండు గంటలకు పదకోశం ప్రతిని క్లస్టరు వెలుపల మరొక చోటికి పంపే క్రాన్‌జాబ్ కూడా చేరింది. రూపాన్ని నిలబెట్టడం క్లస్టరుకు తెలిసిన విద్య. జ్ఞాపకాన్ని నిలబెట్టే ఏర్పాటు మనమే రాసుకోవాలి.

ఆజ్ఞకూ రాతకూ తగవు

ఇంకొక ముచ్చట. ఆ తరువాత కొన్నాళ్లకు పదకోశానికి జ్ఞాపకశక్తి, అంటే మెమరీ, చాలడం లేదని మా వాడు విదేశం నుంచే ఎడిట్ అనే ఆదేశంతో నడుస్తున్న క్లస్టరులోనే హద్దు పెంచాడు. ఫైలులో మార్చలేదు, నాకు చెప్పనూ లేదు. వారం తరువాత నేను వేరే చిన్న మార్పు కోసం నా వద్ద ఉన్న పాత ఫైలును అప్లై చేశాను. ఫైలులో పాత హద్దే ఉంది కనుక క్లస్టరు వినయంగా పాత హద్దుకు వచ్చింది. ఆ రాత్రి నుంచి పాడ్ లేవడం, మెమరీ చాలక పడడం, మళ్లీ లేవడం. తెర మీద క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్ అని కనబడింది. పడిన ప్రతిసారీ లేపడానికి పది సెకన్లు, ఇరవై, నలభై, అలా పెంచుకుంటూ అయిదు నిమిషాల దాకా ఆగుతుంది ఆ యంత్రాంగం.

తప్పెవరిది? ఇద్దరమూ మంచి ఉద్దేశంతోనే చేశాం. ఆయన విధ్యర్థకం వాడాడు, నేను ఆశీరర్థకం వాడాను, ఒకరి మాట ఒకరికి తెలియదు. రాత్రి లాకు దగ్గర ఎవరో నోటిమాటగా తలుపు ఎత్తించి, రిజిస్టరులో రాయకపోతే తెల్లవారి వచ్చినవాడు రిజిస్టరు చూసి దించేస్తాడు. దిగువ రైతు ఇద్దరినీ తిడతాడు.

'ఒక్క ఆదేశంతో అయిపోయే పనికి ఫైలు తెరవడం, రాయడం, దాచడం ఎందుకండీ' అని కుర్రవాళ్లు అంటారు. నిజమే, ఒక్కడే ఉన్నంతకాలం, ఒక్కరోజు కోసమైతే అక్కరలేదు. రెండో మనిషి వచ్చినా, రెండో నెల వచ్చినా రాత కావలసిందే. ఆరు నెలల తరువాత నేను కూడా నాకు రెండో మనిషినే.

మెమరీ హద్దుల మాట వచ్చింది కనుక, అవి ఎందుకుండాలో కూడా చెప్పాలి. హద్దు రాయని పాడ్ ఎగువ రైతు వంటిది. తనకు పారినంతా పారించుకుంటుంది. అదే యంత్రం మీదున్న ఇతర పాడ్లు శివారు చేలై ఎండుతాయి. కనీసం ఇంత కావాలన్న కోరికనూ, ఇంతకు మించి వాడనన్న కట్టుబాటునూ ప్రతి పాడ్‌కూ రాయాలి. వంతుల పద్ధతి తెలిసిన డెల్టావాసులకు దీన్ని వేరే వివరించనక్కరలేదు.

నా అభ్యాసక్రమం

కొత్తగా మొదలుపెట్టే మిత్రుల కోసం నేను పాటించే క్రమం చెబుతాను. మొదట ప్రశ్నార్థకాలు. గెట్ అంటే ఏమేమి ఉన్నాయో చెబుతుంది. డిస్క్రైబ్ ఒక్కొక్కదాని పూర్తి వివరమూ, ఇటీవలి సంఘటనలూ చెబుతుంది. ఆ సంఘటనల జాబితా మామూలుగా గంటసేపే నిలుస్తుంది కనుక ఆలస్యం చేయకుండా చూడాలి. లాగ్స్ ప్రోగ్రాము పలికిన పలుకులను వినిపిస్తుంది. పడిపోయిన కంటైనరు చివరి పలుకులు కావాలంటే ప్రీవియస్ అన్నది జోడించాలి. ఎక్స్‌ప్లెయిన్ ఫైలులో రాసే ప్రతి మాటకూ అర్థం చెప్పే నిఘంటువు. నాకు అన్నిటికన్నా ప్రియమైనది అదే. ఈ నాలుగూ ఎన్నిసార్లు కొట్టినా ఏ హానీ జరగదు.

తరువాత ఆశీరర్థకం. ఫైలు మార్చాక వెంటనే అప్లై చేయను. డిఫ్ కొట్టి, ఉన్నదానికీ రాసినదానికీ తేడా చదువుకుంటాను. ప్రూఫులు దిద్దిన వారికి ఇది అలవాటైన పనే. ఆ తరువాత అప్లై, ఆపైన రోలవుట్ స్టేటస్. పొరపాటు జరిగితే రోలవుట్ అన్‌డూ వెనకటి రూపానికి తెస్తుంది. వెంటనే ఫైలును కూడా వెనకటి రూపానికి మార్చాలి, లేకుంటే పైన చెప్పిన తగవే.

చిట్టచివర విధ్యర్థకం. డిలీట్ కొట్టేముందు ఏ క్లస్టరులో ఉన్నానో, ఏ నేమ్‌స్పేసులో ఉన్నానో రెండుసార్లు చూసుకుంటాను. నేమ్‌స్పేసునే తీసేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. 'నిజంగానా?' అని అడిగే మర్యాద మామూలుగా దానికి లేదు.

బొమ్మల మీద నొక్కి ఇదంతా చేసే పుటలూ ఉన్నాయి. చూడడానికి అవి బాగుంటాయి. కానీ నొక్కినదాన్ని మిత్రుడికి ఉత్తరంలో పంపలేం. కొట్టిన వాక్యాన్ని పంపగలం, దాచుకోగలం, తప్పుంటే దిద్దగలం. అక్షరాన్ని నమ్ముకున్నవాళ్లం కనుక నల్ల తెరే మనకు దగ్గరిదని నా అభిప్రాయం.

తెలుగుకు చోటెక్కడ?

యూనికోడు కోసం అంత తపన పడిన మన తరం అడగవలసిన ప్రశ్న ఇది. పాడ్లకూ, నేమ్‌స్పేసులకూ తెలుగు పేర్లు పెట్టడం కుదరదు. చిన్న బడి ఆంగ్లాక్షరాలు, అంకెలు, అడ్డగీత వంటివే ఒప్పుతుంది. లేబుళ్లకూ తెలుగు పనికిరాదు. 'కాలువ' అని పేరు పెట్టబోతే నిర్మొగమాటంగా తిప్పికొట్టింది.

చోటు బొత్తిగా లేకపోలేదు. ఫైలులో చదరపు గుర్తు పెట్టి రాసే వ్యాఖ్యలు తెలుగులో ఉండవచ్చు. అనోటేషన్ల విలువలు తెలుగులో ఉండవచ్చు. కాన్ఫిగ్‌మ్యాప్ లోపలి పాఠం తెలుగులో ఉండవచ్చు. మా ఫైలులో చేంజ్ కాజ్ అనే అనోటేషను ఉంది. అందులో ఇప్పుడు 'వెతుకులాటకు మెమరీ చాలక హద్దు పెంచాము' అని ఉంటుంది. రోలవుట్ హిస్టరీ కొట్టగానే ఏ మార్పు ఎందుకు చేశామో తెలుగులో వరుసగా కనిపిస్తుంది. అక్కడికి వెళ్లిన మా వాడూ, ఇక్కడున్న నేనూ దాన్ని చదువుకుని తగవులు మానేశాం. ఆంగ్లంలో రాయవలసి వస్తే నేను 'సవరణ' అని ఒక్క ముక్కతో సరిపెట్టేవాణ్ణి. సొంత భాషలో అయితే కారణం వివరంగా వస్తుంది.

ఫైలులో వాక్యవిన్యాసం గురించి ఒక హెచ్చరిక. యామల్ అనే ఆ పద్ధతిలో పంక్తి ముందు విడిచే ఖాళీలే అర్థాన్ని నిర్ణయిస్తాయి. ట్యాబు మీట అక్కడ నిషిద్ధం. యతి తప్పిన పద్యాన్ని సభలోనైనా క్షమిస్తారేమో, ఖాళీ తప్పిన యామల్‌కు క్షమాపణ లేదు.

ఇంతా అవసరమా?

నిజాయితీగా చెప్పాలంటే నా పదకోశానికి క్లస్టరు అక్కరలేదు. నాలుగు వేల మాటలకు ఉచితంగా దొరికే చోట పెట్టిన మామూలు పుటలే చాలు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. సొంత బ్లాగుకు ఇదంతా తగిలించుకోమని నేనెవరికీ సలహా ఇవ్వను.

కానీ మనం ఉమ్మడిగా వాడుకునేవి ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మనలో అనేకులు తొలి అక్షరాలు దిద్దారు. వికీమీడియా వారు తమ వికీలను నడిపే మీడియావికీని దశలవారీగా క్యూబర్నెటీస్ మీదికి మార్చారు. వికీపీడియన్లు రాసుకునే బాట్లు, చిన్న చిన్న పరికరాలు నడిచే టూల్‌ఫోర్జ్ అనే ఉమ్మడి వేదిక ఉంది. అక్కడ ఏళ్ల తరబడి గ్రిడ్ ఇంజన్ అనే పాత పద్ధతి నడిచింది. దాన్ని 2024 మార్చిలో పూర్తిగా ఆపివేశారు. మారవలసిందని చాలాకాలం ముందే చెప్పి, మారనివాటిని నిలిపివేశారు. ఇప్పుడు అక్కడి పరికరాలు క్యూబర్నెటీస్ మీదనే నడుస్తాయి. టూల్‌ఫోర్జ్ వారి సొంత ఆదేశాలు పని తేలిక చేస్తాయి, అయినా లోపల ఏం జరుగుతున్నదో చూడడానికి క్యూబ్‌కంట్రోల్ గెట్ పాడ్స్ అక్కడా పలుకుతుంది.

అటువంటి మార్పు వచ్చినప్పుడు ఏ పరికరం బతుకుతుంది? దాన్ని రాసినవాడు ఇంకా పట్టించుకుంటున్నదీ, లేదా రెండో మనిషి తాళాలు పుచ్చుకున్నదీ. మన తొలినాళ్ల సంకలినులు, ఫాంటు మార్పిడి సాధనాలు, వేదికలు కొన్ని ఎలా కనుమరుగయ్యాయో మీకు తెలుసు. వాటిని నడిపినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కరి భుజాల మీద అన్నీ మోపి, వారు అలసిపోయిన రోజున ఆశ్చర్యపోయింది మనమే. అందుకే పైన చెప్పిన డజను ఆదేశాలు, ఒక ఫైలు చదవగలిగే పాటి జ్ఞానం మనలో మరికొందరికి రావాలంటున్నాను. ప్రోగ్రాము రాయడం రానక్కరలేదు. అరవై దాటాక నేను నేర్చుకోగలిగినప్పుడు మీరు నేర్చుకోలేరా?

చివరగా

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. అజిత్‌సింగ్ నగర్ వైపు ఉన్నవారెవరికీ ఆ రోజులు చెప్పనక్కరలేదు. కింది వాటాలోని అలమరలో అడుగు అరలన్నీ నీట మునిగాయి. నోటు పుస్తకాలలో సగానికి పైగా అక్కడే ఉన్నాయి. మేడ మీద అయిదు రోజులు కరెంటు లేకుండా ఉన్నాం. అదే వారంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. సరంగు లేని పడవలు కొన్ని కొట్టుకువచ్చి బ్యారేజీని ఢీకొనగా గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి.

ఆరో రోజున గన్నవరంలో బంధువుల ఇంట కంప్యూటరు తెరిచి, వణుకుతున్న చేతులతో గెట్ పాడ్స్ కొట్టాను. రెండు పాడ్లూ 'రన్నింగ్' అని ఉన్నాయి. అంతటితో నమ్మకం కుదరలేదు. ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి కదా! క్రాన్‌జాబ్ పంపిన ప్రతిని తెరిచి, మాటలు లెక్కపెట్టి, లస్కరు చెప్పిన ఏడూ ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఉన్నాయి. పుస్తకాల సిరా చాలా మటుకు కరిగిపోయింది. ఇప్పుడు ఆ మాటలకు ఆ రాతే ఆధారం.

పోయిన నాలుగు మాటల కోసం ఇప్పటికీ అవనిగడ్డ, కోడూరు వైపు వెళ్లినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. రాత్రివేళ కాలువ తలుపు వద్ద వంతు మార్చేటప్పుడు లస్కర్లు అనుకునే మాటలు మీ తాతగారి నోటగానీ, మేనమామగారి నోటగానీ విన్నవారెవరైనా ఉంటే దయచేసి కింద రాయండి. చేర్చిన వెంటనే ప్రతి తీసి దాస్తానని మాట ఇస్తున్నాను.

స్వస్తి.